పేరు పెట్టి పిలిచేదాకా

హారన్ రెండుసార్లు మోగింది. పొట్టిగా, ఆగి ఆగి.

మరుక్షణం జిన్నింగు మిల్లులో మిషన్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. పత్తి నుంచి గింజలు వేరుచేస్తూ పొద్దున్నించీ దద్దరిల్లిన రేకుల షెడ్డు ఒక్కసారిగా మూగబోయేసరికి అందరి చెవులూ గుయ్యిమన్నాయి. హారన్ పొడుగ్గా మోగితే తిండి వేళ. రెండు పొట్టి మోతలంటే గేటు ముందు సర్కారు జీపు. ఆదిలాబాద్ శివారులోని ఆ మిల్లులో అడుగుపెట్టిన ప్రతి కూలికీ మొదటిరోజు నేర్పే పాఠం అదే.

"చిన్నోళ్లు మాయం గావాలె! జల్ది!" కూలీలను ఊళ్ల నుంచి తెచ్చే మేస్త్రి పరశురాములు షెడ్డు నడుమ నిలబడి అరిచాడు. "రెండే నిమిషాలు. అటెన్క ఒక్క చిన్న మొకం నా కంటికి కనవడద్దు."

రెబెకా దాక్కోవాల్సిన పనిలేదు. పదిహేనేళ్లే గానీ మిల్లు రిజిస్టరులో ఆమె రెబెకా కాదు. దెబోరా. వయసు పంతొమ్మిది. ఆధార్ కార్డు ఉంది. దొంగ కార్డు కాదు, అసలైనదే. కాకపోతే ఆ కార్డు గల మనిషి, రెబెకా అక్క, రెండేళ్ల కింద జ్వరంతో చనిపోయింది. నస్పూర్ పక్కన వాళ్ల ఊళ్లో చర్చి వెనకాల సమాధుల మధ్య ఉంది.

అక్క పోయిన సంగతి సర్కారుకు చెప్పలేదు. చెబితే రేషన్ కార్డులో ఒక పేరు పోతుంది, పేరుతో పాటు బియ్యమూ పోతాయి. కాంట్రాక్టు పనిలో గోడ కూలి నడుము విరిగిన తండ్రి, బాపు యెషయా, అప్పటికే మంచంలో ఉన్నాడు. ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఆయన్ని అటూ ఇటూ తిప్పుతూ, మధ్యలో బీడీలు చుడుతూ తల్లి, అవ్వ, ఇంటికి కట్టుబడిపోయింది. "కార్డు బతికే ఉంది గదా" అని ఉపాయం చెప్పింది పరశురాములే. అతనిదీ ఆ ఊరే.

రెబెకా వెతికింది కోమల కోసం.

కోమలకు పదమూడు. వాళ్ల గల్లీ పిల్లే. ఇదే మొదటి సీజను. ఏ కార్డూ చూపించకుండా, ఏ రిజిస్టరులోనూ పేరు లేకుండా నెల రోజులుగా గంపలతో పత్తి మోస్తోంది. బస్సెక్కిస్తూ వాళ్లమ్మ పోశవ్వ కోమల చెయ్యి తీసి రెబెకా చేతిలో పెట్టింది. "నువ్వున్నవనే తోల్తున్న బిడ్డా" అంది.

"అక్కా, నేను గింజల గోదాంలకు పోను," కోమల అప్పటికే మారాం మొదలుపెట్టింది. "మొన్న ఆడ దాసిండ్రు. ఎలుక నా జడల దూరింది."

"నీ జడ జూసి గడ్డివాము అనుకున్నది పాపం. దా, నీకు మంచి జాగ చూపిస్త."

షెడ్డు వెనక, నొక్కి కట్టిన దూది బేళ్ల వరసకీ పచ్చి పత్తికుప్పకీ నడుమ ఒక సందు ఉంది. మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చునేంత. కోమల వంగి లోపలికి చూసి వెనక్కి తగ్గింది.

"ఊపిరాడుతదా?"

"ఆడతది. జరసేపే. ఇగో, ఎవలు పిలిచినా రాకు. మేస్త్రి పిలిచినా రాకు. ఎరుకనే గదా, పోయినసారి జీపుల వచ్చిన మేడం 'బయటికి రా అమ్మా' అని మెత్తగ పిలిస్తే గా బోథ్ ఊరి పిల్ల వచ్చి దొరికింది. మేస్త్రి దాన్ని ఎట్ల కొట్టిండో చూసినవ్ గదా?"

కోమల తల ఊపింది.

"నేను పిలుస్త. పేరు పెట్టి 'కోమలా' అని పిలుస్త. నా గొంతు ఇంటేనే రావాలె."

"నువ్వు మర్చిపోతే?"

"నిన్ను మర్చిపోతే మీ అవ్వ నన్ను బతకనిస్తదా? పో."

కోమల కిసుక్కున నవ్వి లోపలికి దూరింది. సందు నోరు మూయాలి. రెబెకా రెండు చేతులా పత్తి లాగి కప్పింది. చాల్లేదు. లోపలి నుంచి కోమల పచ్చ లంగా అంచు ఇంకా కనబడుతోంది. అటు గేటు దగ్గర జీపు తలుపు పడిన చప్పుడు. రెబెకా షెడ్డులోకి పరుగెత్తింది. దగ్గరి మిషను రోలరు దగ్గర దూది ఇరుక్కుని ముద్దగా వేలాడుతోంది. పీకింది. ఒడి నిండా వచ్చింది.

ఆ మిల్లులో నేర్పే రెండో పాఠం ఇది: రోలరు దగ్గర ఇరుక్కున్న దూదిని నీళ్ల డ్రమ్ములో ముంచకుండా కుప్ప దగ్గరికి తీసుకుపోకూడదు. పత్తిలో గులకరాయి వచ్చి రోలరుకు తగిలితే నిప్పురవ్వ పుడుతుంది. పైకి మంట కనబడదు. దూది లోలోపల రాజుకుంటుంది.

డ్రమ్ము షెడ్డు అటు చివర ఉంది. పరశురాములు పళ్లు కొరుకుతూ "లైన్ల నిలవడు, లైన్ల!" అంటున్నాడు. రెబెకా వెనక్కి ఉరికి ఆ దూదిని సందు నోట్లో కుక్కింది. పచ్చ అంచు మాయమైంది.

చేతులకు దూది వెచ్చగా తగిలింది. మిషను వేడి అనుకుంది.

*

వచ్చింది మమతారాణి మేడం. లేబర్ ఆఫీసరు. నలభై దాటిన మనిషి, ఎండకు వాడిపోయిన ముఖం. పేరు పేరునా కార్డులు చూసి కూలీలను పంపించేస్తూ వచ్చింది. రెబెకా కార్డు దగ్గర ఆగింది. ఫొటో వైపు, ఆమె వైపు రెండుసార్లు చూసింది.

"నువ్వు ఆఫీసు రూముల కూసో."

పరశురాములు కూడా వెనకే వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"పేరు?"

"దెబోరా, మేడం."

"పుట్టిన తేదీ?"

"పద్నాలుగు ఆగస్టు, రెండు వేల ఐదు."

మేడం నవ్వింది. "బస్సు నంబరు చెప్పినట్టు చెప్తున్నవు. ఇంట్ల ఎవరెవరున్నరు?"

"అవ్వ, బాపు... చెల్లె."

"చెల్లె పేరు?"

ఈ ప్రశ్న పరశురాములు నేర్పిన వాటిలో లేదు. నోటికి వచ్చిన పేరు చెప్పేసింది. "రెబెకా."

"ఏం చేస్తది రెబెకా?"

"సదువుకుంటది మేడం. తొమ్మిదో తరగతి. లెక్కలల్ల ఎప్పుడు ఫస్టే."

నిరుడు దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల మళ్లీ బడి మెట్లెక్కలేదు. అయినా ఆ గదిలో, ఆ ఒక్క నిమిషం, ఎక్కడో రెబెకా అనే పిల్ల బెంచీ మీద కూర్చుని లెక్క చేస్తున్నట్టే అనిపించింది.

అప్పుడే వచ్చింది వాసన.

కిటికీలోంచి సన్నగా, దారంలా వచ్చింది. వంట వాసన కాదు. బీడీ వాసన కాదు. పాతగుడ్డ నిప్పుల మీద పడితే వచ్చే కమురు. పత్తిలో పనిచేసే వాళ్ల ముక్కుకు అది పాము బుస లాంటిది. రెబెకా తన అరచేతులు చూసుకుంది. ఆ వెచ్చదనం గుర్తొచ్చింది.

తలెత్తింది. పరశురాములు కూడా కిటికీ వైపు చూస్తున్నాడు. అతనికీ తగిలింది. మేడంకు కనబడకుండా రెండు వేళ్లు ఎత్తి, తల అడ్డంగా ఊపాడు. రెండు నిమిషాలు. ఆగు.

నోరు తెరిస్తే చాలు. 'మేడం, పత్తి కుప్ప వెన్క పిల్ల ఉన్నది.' ఒక్క ముక్క. ఆ ముక్క వెనకాల ఈ పిల్లెవరన్న మాట వస్తుంది, నువ్వెవరన్న మాట వస్తుంది, చచ్చిపోయిన అక్క వస్తుంది, అవ్వ వస్తుంది, మంచంలో బాపు వస్తాడు. రెండు నిమిషాల్లో మేడం సంతకం పెట్టి వెళ్లిపోతుంది. అసలు ఆ వాసన వంటల షెడ్డు నుంచేమో. ఎవరో చెత్త తగలబెడుతున్నారేమో.

మేడం ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగింది. నాలుగింటికీ రెబెకా జవాబు చెప్పింది. ఏం అడిగారో, తను ఏం చెప్పిందో తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. నాలుగు అన్న లెక్క మాత్రం ఆమెను వదల్లేదు.

"అగ్గి! అగ్గి!" బయట ఎవరో అరిచారు.

కుర్చీ తన్నేసి రెబెకా ఉరికింది. పరశురాములు చెయ్యి అడ్డం పెడితే కొరికింది. షెడ్డు వెనక మంటలు లేవు. కుప్ప అడుగు నుంచి పొగ మాత్రం, బూడిదరంగు పొగ, బద్ధకంగా లేస్తోంది.

"కోమలా! కోమలా! నేనే! రా!"

పొగలోకి చేతులు పెట్టి పత్తిని పీకింది. వేళ్లు కాలాయి. "కోమలా, నేను పిలుస్తున్ననే! అయిపోయింది, రా!"

వాచ్‌మన్ హనుమండ్లు ఆమె నడుము పట్టి వెనక్కి లాగాడు. "లోపట పిల్లున్నదా?" అన్నాడు ముసలాయన. "పొగ జూడంగనే నేను అరిసిన గదనే! కుప్ప సుట్టు తిరిగి 'లోపటెవలన్న ఉంటే బయటికి రాండ్రి' అని మూడుసార్లు ఒర్రిన. ఎవలు రాలే."

ఎవరు పిలిచినా రాకూడదు. కోమల మాట తప్పలేదు.

నీళ్లు కొట్టి, గునపాలతో బేళ్లు జరిపి, పదిహేను నిమిషాలకు బయటికి తీశారు. మోకాళ్లు ముడుచుకుని, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది. ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు. పొగే సరిపోయింది.

*

సాయంత్రానికి కథ తయారైంది. గింజల గోదాంలో దాచిన ముగ్గురు పిల్లల్ని వెనక గేటు నుంచి వ్యానులో దాటించేశారు. మిల్లు మేనేజరు రాతపూర్వకంగా చెప్పిందేమంటే, చనిపోయిన పిల్ల మిల్లు కూలి కాదు, ఏ రిజిస్టరులోనూ పేరు లేదు, పత్తి దొంగతనానికి గోడ దూకి వచ్చి కుప్పలో నక్కింది. మిగతా కూలీలు తలలు వంచుకున్నారు. ఎవరూ అవునన్లేదు, ఎవరూ కాదన్లేదు.

మర్నాడు ఆస్పత్రి ఆవరణలో పోశవ్వ ఏడవలేదు. వచ్చినవాళ్లనల్లా పట్టుకుని ఒకటే అడిగింది. "నా బిడ్డ దొంగనా? ఇస్కూల్ల పెన్సిల్ దొరికితే టీచరమ్మకు ఇచ్చొచ్చే పిల్ల. దొంగతనానికి పోయిందా?"

రెబెకాను చూసి మాత్రం అడగలేదు. కాలిన వేళ్లకు తన కొంగు చింపి కట్టింది.

మమతారాణి మేడం రెబెకాను పక్కకు పిలిచింది. రాత్రంతా నిద్రలేనట్టుంది. "నాకు తెలుసమ్మా అది దొంగ కాదని. తెలిస్తే సాలదు. కాయితం కావాలె. ఒక్కరు, పెద్దవయసు కూలి ఒక్కరు, చూసింది చూసినట్టు రాసిస్తే ఆ మిల్లును నేను వదల. చిన్నపిల్ల మాటైతే వకీలు ఆటాడిస్తడు. నువ్వు మేజరువు. రాస్తవా?"

రెబెకా ఆలోచించింది. రెబెకా మాట చిన్నపిల్ల మాట. దెబోరా మాటకు బరువుంది. కోమలకు తాను చేయగలిగిందల్లా ఇదొక్కటే, అదైనా గట్టిగా నిలబడేలా చేయాలి.

రాసింది. హారన్ సంగతి, పచ్చ లంగా సంగతి, బోథ్ పిల్లను కొట్టిన సంగతి, పరశురాములు ఎత్తిన రెండు వేళ్ల సంగతి. తడపని దూదిని సందులో కుక్కింది తనేనని కూడా రాసింది. మూడు పేజీలు. ఒక్క అబద్ధం లేదు.

చివర సంతకం పెట్టింది. దెబోరా, 19 సంవత్సరాలు.

*

ఐదో రోజు పోలీస్ స్టేషన్ నుంచి కబురు వచ్చింది. పోశవ్వ కూడా వెంట వచ్చి బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది. "ఇయ్యాల్టితోని దొంగ అన్న మాట పోతది గదా బిడ్డా" అంది. రెబెకా తల ఊపి లోపలికి వెళ్లింది.

లోపల ఎస్సై లింగమూర్తి, పక్కన పరశురాములు. గోడవారగా మమతారాణి మేడం. ఆమె తలెత్తలేదు.

ఎస్సై ఒక కాగితం రెబెకా ముందుకు తోశాడు. పైన చర్చి పేరు. కింద గుండ్రటి చేతిరాత. ఆ రాత ఆమెకు తెలుసు. సండే స్కూల్లో బహుమతి పుస్తకాల మీద పేరు రాసిచ్చే పాస్టరు ప్రేమ్‌చంద్ అయ్యగారిది. 'కుమారి దెబోరా, తండ్రి యెషయా, ప్రభువునందు నిద్రించినది. మా సంఘ సమాధుల తోటలో సమాధి చేయబడినది.' తేదీ. చర్చి ముద్ర.

సర్కారుకు చెప్పకుండా దాచగలిగారు గానీ చర్చి పుస్తకంలో రాయకుండా అక్కను ఎలా పూడ్చిపెడతారు? ఆ పుస్తకం ఒకటుందన్న సంగతే ఎవరికీ తోచలేదు. పరశురాములుకు తోచింది. 'చచ్చిపోయిన ఆడపిల్లల ఇండ్లకు సర్కారు సాయం వస్తుంది, సమాధి కాగితం ఉంటే చాలు' అని అయ్యగారికి చెప్పాడు. ఇన్నాళ్లకు యెషయా ఇంటికి ఒక మేలు జరుగుతుందని ఆ పెద్దాయన అప్పటికప్పుడు రాసిచ్చాడు. ప్రార్థన కూడా చేసి పంపాడట.

"మా టేషన్ల సచ్చినోళ్లు గూడ వాంగ్మూలం ఇస్తున్నరు మేడం," ఎస్సై అన్నాడు. తలుపు దగ్గర కానిస్టేబుల్ నవ్వు ఆపుకున్నాడు. "ఇప్పుడు చెప్పు. నువ్వెవలు?"

రెబెకా వేలు అక్క పేరు మీద ఆగింది.

"ఐదు నిమిషాలు ఇయ్యుండ్రి," అని మమతారాణి మేడం ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్లింది. తలుపు దగ్గరగా వేసింది.

"నీ పేరే రెబెకా గదా? లెక్కలల్ల ఫస్టు వచ్చేది నువ్వేనా?"

రెబెకా కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి.

"ఎంత పని చేసినవమ్మా. నాకు ఒక్కమాట చెప్తే ఏమైతుండె?" మేడం గొంతులో కోపం లేదు. అదే భయపెట్టింది. "చూడు. నీకు అబద్ధం చెప్ప. నీ సొంత పేరుతోని మళ్ల రాయి, నేను తీసుకుంట. కని వాళ్లు వదలరు. మిల్లు ఏమంటదంటే, మాకు పెద్దమనిషి కార్డు చూపెట్టి మోసం చేసిండ్రు అంటది. రేషన్ కార్డు మీ అవ్వ పేరు మీద ఉన్నది. సచ్చిపోయిన పిల్ల పేరు మీద రెండేండ్లు బియ్యం తీసుకున్నదని ముందుగాల కేసు ఆమె మీద పడతది. దాన్ని నేను ఆపలేను."

"అవ్వను తీస్కపోతరా?"

"తీస్కపోవచ్చు."

"ఎన్ని రోజులు?"

"అది నా చేతుల లేదు. రాసింది వాపస్ తీసుకుంటే కేసు పెట్టరంట."

రెబెకా కళ్ల ముందు మంచం కదిలింది. రెండు గంటలకోసారి బాపును తిప్పాలి. ఒకపూట తిప్పకపోతే వీపు మీద చర్మం ఊడి వస్తుంది. అవ్వ ఒక్కరోజు లేకపోతే బాపు ఏమవుతాడో ఆమెకు లెక్క తెలుసు.

ఇంకోపక్క కోమల. మోకాళ్లు ముడుచుకుని, పిలుపు కోసం ఎదురుచూస్తూ. నోరు తెరిచి ఒక్క మాట చెబితే చాలు. అప్పుడూ అంతే కదా. ఆ రోజు ఆఫీసు గదిలోనూ ఇదే మాట, ఇదే భయం, ఇదే మంచం. మళ్లీ అదే చోట నిలబడి ఉంది.

"నేను ఏం రాయాలె మేడం?" అంది.

మేడం తలుపు తీసింది.

కానిస్టేబుల్ చెబుతూ పోయాడు, ఆమె రాస్తూ పోయింది. 'మొదట ఇచ్చిన వాంగ్మూలం తెలియక ఇచ్చినది. చనిపోయిన బాలిక మిల్లులో పనిచేసినట్లు నాకు తెలియదు. ఆమెను ఎవరూ దాచలేదు.' నాలుగు వరుసలు. కింద సంతకం దగ్గర పెన్ను ఆగింది.

"నీ అసలు పేరే పెట్టు," ఎస్సై అన్నాడు. "వయసు వద్దు."

రెబెకా అని రాసింది. ఏడాది తర్వాత కాగితం మీద తన పేరు తాను రాసుకోవడం అదే మొదలు.

మొదటి మూడు పేజీలూ పరశురాములు జేబులోకి పోయాయి. దెబోరా కార్డు ఎస్సై సొరుగులోకి పోయింది. "ఇది మా దగ్గర్నే ఉంటది. మళ్ల ఏషాలేస్తే అప్పుడు చూద్దాం."

బయట పోశవ్వ బెంచీ మీంచి లేచి నిలబడింది.

"రాసిచ్చినవా బిడ్డా?"

రెబెకా ఆమె కాళ్ల వైపు చూసింది. ఒక చెప్పుకు పిన్నీసు పెట్టి ఉంది.

"రాసిచ్చిన చిన్నమ్మా."

"అంతా?"

"అంతా."

పోశవ్వ ముఖం తేలికపడింది. ఐదు రోజుల్లో మొదటిసారి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నాకెరికే. నువ్వు దాన్ని ఇడిసిపెట్టవని నాకెరికే," అని రెబెకా తల నిమిరింది.

మంచిర్యాల బస్సు నిండుగా వచ్చింది. వెనక ఇద్దరికీ సీటు దొరికింది. ఊరు దాటాక కండక్టరమ్మ మిషను పట్టుకుని దగ్గరికి వచ్చింది. "ఆడోళ్లు ఆధార్లు తియ్యుండ్రి. కార్డు లేకుంటే ఫ్రీ జీరో టికెట్ లేదు, పైసలే."

పోశవ్వ రొండిన దోపుకున్న సంచి తీసి తన కార్డు ఇచ్చింది. రెబెకా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఆమె దగ్గర ఏ కార్డూ లేదు. టికెట్టుకు పైసలూ లేవు.

"నీ కార్డేది పిల్లా?"

పోశవ్వ రెబెకా వైపు చూసింది. స్టేషన్లో ఉంచేసుకున్నారని ఆమెకు అర్థమైంది. ఒక్క క్షణం ఆగి, అదే సంచిలోంచి ఇంకో కార్డు తీసింది. ఆస్పత్రిలో శవం ఇవ్వడానికి అడిగితే ఇంటి నుంచి తెచ్చిన కార్డు. అంచులు ఇంకా నలగలేదు.

"గిది ఈ పిల్లది," అంది పోశవ్వ. "ఏం కాదు బిడ్డా, అదేమనుకోదు."

బస్సు గుంతలో పడి ఎగిరింది. కండక్టరమ్మ నిలదొక్కుకుని కార్డు వెలుగులోకి పెట్టి పేరు చదివింది.

"కోమలా?"

రెబెకా తలెత్తింది.

"కోమల నువ్వేనా?" కండక్టరమ్మ మళ్లీ పిలిచింది, ఈసారి గట్టిగా.

"ఆ," అంది రెబెకా. "నేనే."